మట్టి రైలు మామగారు

మా మామగారు తెల్లమట్టి గనుల రైలు నడుపుతారు. తన తాత ఎద్దులతో లాగించిన పెట్టెలను తండ్రి ఆవిరి ఇంజనుతో, తాను డీజిల్ ఇంజనుతో లాగామని కనిపించినవాడికల్లా గొప్పగా చెప్పుకుంటారు. ఆ ఘనకార్యం వల్ల మేమంతా కలిసి ఉండే ఇంట్లో ఉయ్యాల తాళ్ళు కూడా తెల్లబడ్డాయి.

మా నెలల పాప దగ్గుతుంటే, "ఈ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు మామయ్యా" అన్నాను.

"నీ పెళ్ళాం ఇందులోనే పెరిగింది కదయ్యా. నాలుగు ముక్కలు చదివినవాడికి గాలి కూడా విషంలాగే కనిపిస్తుందిలే."

అంటూనే షెడ్డుకెళ్ళి, ఇంజను మీద శ్రద్ధగా టార్పాలిన్ కప్పారు.

"దుమ్ము దూరితే పాడైపోతుంది అల్లుడూ. దీన్ని పసిబిడ్డలా చూసుకోవాలి."

మర్నాడే పాపను తీసుకుని టౌనుకు మారిపోయాం. సాగనంపడానికి ఆయన రాలేదు. ఇంజను తుడుస్తున్నారట.