తాడు పట్టుకున్నవాడికి రూలు లేదు

మా మెట్ల కింది వాటాలో ఉండే లిఫ్టు మెకానిక్ గురించి ఈ వీధిలో నాకంటే ఎక్కువ చెప్పగలిగినవాళ్ళు లేరు. కొన్ని సంగతులు వద్దన్నా నా చెవిన పడతాయి. అతను ఆడించే ఆట గురించి మాత్రం అడిగి అడిగి తెలుసుకున్నాను.

బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట అది. మెకానిక్ కథ చెబుతాడు. మిగతావాళ్ళు అందులో తలో వేషం తీసుకుంటారు. ఒకరు వైద్యురాలు, ఒకరు దొంగ. ఈ గోడ ఎక్కుతానని ఎవరైనా అంటే, ఎక్కగలరో లేదో పాచికలు వేసి, రూలు చూసి తేలుస్తారు. గెలవడం, ఓడడం అంటూ లేవు. మరెందుకయ్యా ఆడటం అంటే, తర్వాత ఏం జరుగుతుందో చూడ్డానికి పెద్దమ్మా అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. నేను రోజూ కిటికీ దగ్గర కూర్చునేదీ అందుకే.

మొదట్లో ఆ రూళ్ళు ఒక్క కాగితంలో సరిపోయేవి. పోనుపోను లావుపాటి పుస్తకమైంది. తడిసిన తాడుకో రూలు, బూట్ల బరువుకో రూలు, గాలికి దీపం ఆరడానికో రూలు. బల్ల దగ్గర మాటామాటా వచ్చిందంటే మర్నాటికి ఇంకొకటి పుట్టేది. లిఫ్టుల పనిలో అంతేనట, ఎక్కడో ఎవరో పడితేగానీ రూలు రాయరట. ఆ అలవాటునే ఆటలోకి తెచ్చుకున్నాడు. గుర్రం ఎక్కేసరికే సాయంత్రం గడిచిపోతోందని మందుల కొట్టాయన మానేశాడు. ఇక మిగిలింది ఎదురింటి దర్జీ అమ్మాయి, మెకానిక్ తమ్ముడు.

"కొలతలు ఉండాల్సిందే బాబాయ్. కానీ చొక్కా వేసుకున్నవాడు ఊపిరి పీల్చుకోవాలి కదా," అనేది దర్జీ అమ్మాయి. అతను నవ్వేవాడు కాదు.

తమ్ముడి సంగతి చెప్పాలి. అన్నదమ్ములిద్దరూ ఒకే కంపెనీలో పనిచేసేవాళ్ళు. తమ్ముడు లిఫ్టు కింది గుంటలోకి దిగేవాడు, అన్న పైన మోటారు దగ్గర ఉండేవాడు. కిందివాడు బయటికొచ్చి కేకేశాకే పైవాడు స్విచ్చి వేయాలి. ఒకరోజు తమ్ముడు గుంటలో ఉండగానే లిఫ్టు కదిలింది. అతని కుడిచెయ్యి నలిగిపోయింది. కేక విన్నాకే వేశానని విచారణలో అన్న చెప్పాడు. నేనసలు కేకే వెయ్యలేదని తమ్ముడు మొత్తుకున్నాడు. కంపెనీవాళ్ళు అన్నదమ్ముల్లో పెద్దవాడి మాట నమ్మి, చిన్నవాణ్ణి పనిలోంచి తీసేశారు. ఇప్పుడతను బండ్లు నిలిపే చోట గేటు దగ్గర కూర్చుంటాడు.

అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. తోడికోడళ్ళే అటూ ఇటూ కబుర్లు మోస్తారు. అయినా ఆదివారం ఆటకి మాత్రం తమ్ముడు వచ్చేవాడు. దొంగ వేషంలో అతను దారి అడిగితే, సత్రం యజమాని గొంతు పెట్టి అన్న చెప్పేవాడు. తమ్ముడి గొంతు తన వైపు తిరిగేది అప్పుడొక్కటే. అందుకే అక్కడ చిన్న గొడవైనా మెకానిక్‌కి ప్రాణం మీదికొచ్చినట్టుండేది. గబగబా ఇంకో రూలు రాసి ఆ కంత పూడ్చేవాడు. పూడ్చినకొద్దీ తమ్ముడు ముభావంగా తయారయ్యాడు. చివరికి, ఆ పుస్తకం ఇంకోసారి తెరిస్తే నేను మళ్ళీ రాను అని భార్యతో కబురు పంపాడు. ఆ వారమంతా మెకానిక్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆ ఆదివారం నేనూ పీట వేసుకుని కూర్చున్నాను. బల్ల మీద పుస్తకం లేదు. కథలో దొంగ పాడుబడ్డ బావిలోకి దిగాడు. పైన తాడు పట్టుకున్న కూలివాడి వేషం వేసింది అన్నే. పాచికలు పడ్డాయి. తాడు జారింది. ఇప్పుడు దొంగ బతికినట్టా, పోయినట్టా? కాలు బెణికిందని చెప్పెయ్, మేం నమ్ముతాం అంది దర్జీ అమ్మాయి. తన మాట మీద తనకే నమ్మకం లేనట్టు మెకానిక్ చెయ్యి కుర్చీ కింది సంచిలోకి పోయింది. పుస్తకం బయటికొచ్చింది.

అతను చదువుతున్నాడు. తడి తాడు, బూట్లు, మూట బరువు, చెమట పట్టిన చేతులు. అన్నీ కిందివాడి లెక్కలే.

తమ్ముడు లేచి వెళ్ళిపోలేదు. "తాడు పట్టుకున్నవాడు కేక వినకుండా వదిలేస్తే ఏమవుతుంది? అది రాశావా?"

అది దొంగ గొంతు కాదు.

మెకానిక్ పేజీలు తిప్పాడు. మళ్ళీ మొదటికొచ్చి తిప్పాడు. "లేదు," అన్నాడు.

"రాయి."

కలం తీసి కాగితం మీద ఆనించాడు. అది కదల్లేదు. "నాకే కేకా వినబళ్ళేదురా. తొందరపడి వేసేశాను. ఉద్యోగం పోతుందని..."

"ఇది ఇక్కడ కాదు చెప్పాల్సింది. అక్కడ," అని తమ్ముడు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. పాచికలు అలాగే పడున్నాయి. దర్జీ అమ్మాయి వాటిని తీయబోయి ఊరుకుంది.

మర్నాడు పొద్దున్నే మెకానిక్ కంపెనీకి బయల్దేరాడు. గుమ్మంలో ఆపాను. నిజం చెబితే పనిలో ఉంచరు పెద్దమ్మా, కేసు కూడా పెడతారేమో అన్నాడు. చెప్పినంత మాత్రాన తమ్ముడు మళ్ళీ ఆటకి వస్తాడని కూడా లేదన్నాడు. గెడ్డం గీసుకుంటూ రెండుచోట్ల తెగ్గోసుకున్నట్టున్నాడు. తుడుచుకోమని చెంగు ఇవ్వబోతే వద్దని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం తమ్ముడి భార్య ఫోన్ చేసింది. బావగారు కంపెనీకి వెళ్ళారా పెద్దమ్మా అంది. వెళ్ళాడన్నాను. అవతల ఎవరో ఏదో గొణిగారు.

"తిరిగొచ్చారేమో అడగమంటున్నారు," అంది.

ఇంకా రాలేదని చెప్పాను.