పిడికిట్లో మోగిన మిరపకాయలు

మొన్న మంగళవారం గుంటూరులో ఒక ఆసుపత్రిలో నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, కణత మీద చల్లటి జిగురేదో పూసి, కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి పొట్ట మీద పెట్టి చూస్తారే, అలాంటి పరికరాన్నే చెవికి కాస్త ముందుగా ఆనించినప్పుడు, నా నోరు ఊరుకోలేదు.

"డాక్టరమ్మా, ఎన్నో నెలో చెప్పండి" అన్నాను.

ఆవిడ నవ్వింది. పక్కన కూర్చున్న మా ఆవిడ నవ్వలేదు. ఇంకో రోజైతే, ఆ బుర్రలో ఏమీ లేదని నలభై ఏళ్ళుగా నేను ఊరికే చెబుతున్నానండీ, దానికింత యంత్రమెందుకు అని అందుకునేదే. ఆ రోజు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తెర వైపే చూస్తూ కూర్చుంది.

సంగతేమిటంటే, ఏడాదిగా నా కుడిచెయ్యి ఖాళీగా ఉన్నప్పుడల్లా దానంతటదే వణుకుతోంది. వయసు మీద పడితే కొందరికి వచ్చే మామూలు వణుకా, లేక పార్కిన్సన్స్ అనే జబ్బా అన్నది తేలాలి. డాక్టరమ్మ నన్ను గదిలో అటూ ఇటూ నడిపించింది, వేళ్ళు టపటపా కొట్టించింది, కళ్ళు మూయించి ముక్కు దగ్గర కాఫీపొడి పెడితే నాకే వాసనా తెలియలేదు, పేరు రాయించింది. ఏడో తరగతితో బడి నన్ను వదిలిందో నేనే దాన్ని వదిలానో ఇప్పటికీ తేలలేదు కాబట్టి ఆ పరీక్షలో తప్పుతాననే అనుకున్నాను. చివరికి, లోపల కూడా ఒకసారి చూద్దామండీ అంది. కణత దగ్గర ఎముక పలచగా ఉంటుందట, అక్కణ్ణుంచి మన చెవికి వినపడని శబ్దాన్ని లోపలికి పంపితే అది మెదడుకి తగిలి తిరిగొస్తుందట, ఆ తిరిగొచ్చిన దాన్ని బట్టి తెర మీద బొమ్మ పడుతుందట. పగలగొట్టకుండా, విప్పకుండా, శబ్దంతోనే లోపలి సంగతి చెప్పడమన్నమాట. ఆ మాట వినగానే నాకు మా నాన్న పిడికిలి గుర్తొచ్చింది.

మార్టూరు అవతల మా ఊరి నుంచి మిర్చి యార్డుకి వచ్చి, ఒక కమిషను కొట్లో మచ్చు చూసే పనిలో కుదురుకున్నాడు మా నాన్న. మీలో ఆ రోజుల్లో టిక్కీలు, అంటే మిరప బస్తాలు, బండికెత్తుకుని యార్డుకి వచ్చినవాళ్ళుంటే మచ్చు చూసేవాడి దర్జా ఎలా ఉండేదో నేను చెప్పక్కర్లేదు. తేమ చూసే మీటర్లు అప్పుడెక్కడివి? మా నాన్న టిక్కీ లోపలికి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి ఒక పిడికెడు కాయలు తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పసిపిల్ల ముందు గిలక్కాయ ఆడించినంత మెల్లగా ఊపేవాడు. బాగా ఎండిన కాయయితే ఆ మాత్రం ఊపుకే లోపల గింజలు గలగలమంటాయి. పచ్చి ఆరని కాయ గట్టిగా ఊపితే గానీ నోరు విప్పదు. ఆ తర్వాత పిడికిలి ముక్కు దగ్గరికి తెచ్చి ఒక పీల్పు పీల్చేవాడు, బూజు వాసన ఏ మూల ఉన్నా పట్టేసేవాడు. అంతే, ఇక ఆయన మాటకి రైతైనా కొనేవాడైనా ఎదురు చెప్పేవాడు కాదు.

నేను అదే కొట్లో బస్తాల మూతులు కుట్టేవాణ్ణి. అది జీతానికి చేసే పని, అసలు పని నలుగుర్నీ నవ్వించడం. కొట్టు యజమాని పంచె ఎగ్గట్టుకుని నడిచే నడక, తూకం వేసే ఆయన నత్తి, అందర్నీ అచ్చంగా దించేవాణ్ణి. అందరికంటే ముందు నవ్వేది మా నాన్న. భుజం మీది తువ్వాలు తీసి కళ్ళు తుడుచుకుంటూ, ఛీ వెధవా అంటూ నవ్వేవాడు.

కొన్నాళ్ళకి ఆ నవ్వు ఆగిపోయింది. ఎంత చేసినా మా నాన్న మొహం గోడలా ఉండేది. నేనేం తప్పు చేశానో అర్థం కాలేదు. మీసాలొచ్చినవాడు ఇంకా ఈ కోతివేషాలేమిటని ఏవగించుకుంటున్నాడేమో అనుకున్నాను. అనుకుని మానేశానా అంటే లేదు, ఎలాగైనా ఆ నవ్వు మళ్ళీ రప్పించాలని వేషాలు రెట్టింపు చేశాను. ఆ రోజుల్లోనే ఆయన అడుగులు పొట్టివయ్యాయి. కుడిచెయ్యి వణకడం మొదలైంది. పొయ్యి మీద పప్పు మాడి ఇల్లంతా ఆ వాసన కమ్మితే, పక్కనే కూర్చుని కూడా ఏమీ ఎరగనట్టు ఉన్నాడని అమ్మ కేకలేసింది. వీటన్నిటినీ ఒక దారానికి గుచ్చి చూసే తెలివి మాకెవరికీ లేకపోయింది.

ఆ వేసవిలో ఆయన బాగున్నాయని చెప్పిన టిక్కీలు కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాయి. నాలుగు నెలల తర్వాత మూతులు విప్పితే, నేను కుట్టిన మూతులే, లోపల కాయంతా తెల్లగా బూజు పట్టి, నల్లబడి, ముద్దకట్టుకుపోయి ఉంది. యజమాని అందరి ముందే అడిగాడు.

"ఏమయ్యా, పొద్దున్నే ఎంత పట్టించి వచ్చావు ఆ రోజు?"

జన్మలో కల్లుముంత ముట్టని మనిషి మా నాన్న. "మోగినయ్యండీ. నా చెవులారా విన్నాను" అన్నాడు. నిజమే చెప్పాడు, మోగాయి. మెల్లగా ఊపాననుకున్న చెయ్యి వణుకుతో దడదడా ఊపేస్తే పచ్చికాయ కూడా మోగుతుంది. కాపాడాల్సిన ముక్కు అప్పటికే పనిచేయడం లేదు. ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు నాకు తెలిసిందల్లా మా నాన్నని మచ్చు పనిలోంచి తీసేశారని.

ఇక రాయకుండా దాటేద్దామనుకున్న చోటికి వచ్చాను.

ఆ వారంలోనే, యార్డు గేటు ముందు టీ కొట్టు దగ్గర హమాలీలు నన్ను పట్టుకున్నారు. "ఒరేయ్, మీ నాన్న మచ్చు ఎట్టా చూస్తాడో చేసి చూపించరా!" అన్నారు. చేశాను. చిరిగిన టిక్కీలోంచి పిడికెడు కాయలు తీసి, తాగినవాడిలా తూలుతూ, చెవి దగ్గర చెయ్యి గడగడా వణికిస్తూ, కళ్ళు తేలేసి, "మోగినయ్యండీ" అన్నాను. ఒకడు నవ్వలేక నేల మీద కూలబడ్డాడు. అందరూ నా వెనక్కి చూస్తుంటే తిరిగాను. మా నాన్న. చేతిలో గ్లాసులోంచి టీ తొణికి చొక్కా మీద పడుతోంది. మొహంలో కోపం లేదు, బాధ లేదు, ఏమీ లేదు.

సిగ్గుతో చచ్చిపోవాల్సింది పోయి, "ఏం నాన్నా, బాగా చేశానా?" అన్నాను.

ఆయన గొంతు అప్పటికే సన్నబడిపోయింది. "అంత గట్టిగా కాదురా. ఒక్కసారే ఊపాలి" అన్నాడు.

మళ్ళీ అందరూ నవ్వారు. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి, ఆ పొట్టి అడుగులతోనే వెళ్ళిపోయాడు. మళ్ళీ యార్డు మొహం చూడలేదు. ఊళ్ళో సూదులేసే ఆయన నరాల బలహీనత అని బలానికి సూదులేశాడు. ఏడేళ్ళు అలా బిగుసుకుంటూ, అన్నం ముద్ద అమ్మ నోటికందిస్తే తింటూ, చివరికి పోయాడు. తాగి తాగి పోయాడన్నారు. ఒకరోజు ఆయన నిద్రలో ఉండగా వంగి నోటి దగ్గర వాసన చూశాను. కన్నకొడుకుని. ఏ వాసనా లేదు. అయినా ఎవరితోనూ ఆ మాట గట్టిగా అనలేదు.

డాక్టరమ్మ తెరని నా వైపు తిప్పింది. బూడిదరంగు మసకలో, నడిమధ్యన, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక లాంటి ఆకారం ఒకటి కనిపించింది. మా ఊరి పత్తిచేలల్లో వాలే రెక్కల పురుగులు గుర్తొచ్చాయి, అవి వాలాయంటే కాయ లోపలికి పురుగు దిగిందనే లెక్క. ఆ ఆకారంలో ఒక చోట తెల్లగా మెరుస్తోంది.

"ఇక్కడ ఉండాల్సినదానికంటే తెల్లగా ఉందండీ" అంది ఆవిడ మెల్లగా. "ఇదొక్కటే చూసి చెప్పం. జబ్బు లేనివాళ్ళలో కూడా కొందరికి ఇలా ఉంటుంది. కానీ మీ నడక, చెయ్యి, వాసన తెలియకపోవడం, అన్నీ కలిపి చూస్తే..."

"చెప్పండమ్మా, ఫరవాలేదు" అన్నాను. చెప్పింది. మందులున్నాయని, బిగుతు, వణుకు తగ్గుతాయని, పూర్తిగా పోదని చెప్పింది. మా ఆవిడ తల ఊపుతూ అన్నీ వింది. నేను వినలేదు. నాకు ఒకటే కావాలి.

"ఈ జబ్బులో మనిషి నవ్వడం మానేస్తాడామ్మా?"

"మొహంలో కండరాలు సరిగ్గా కదలవండీ. లోపల నవ్వొచ్చినా బయటికి కనపడదు."

లోపల నవ్వు ఉంటుందట. నేను మంచం అంచు పట్టుకున్నాను. జేబులోంచి మా నాన్న ఫోటో తీశాను, ఉన్నది అదొక్కటే, అందులో మనిషంతా నిలకడగా ఉండి కుడిచెయ్యి ఒక్కటే చెదిరిపోయి పడింది. ఈయనకి ఇదే జబ్బు, తాగుడు కాదు అని ఒక్క ముక్క రాసివ్వండమ్మా అని చేతులు పట్టుకున్నంత పని చేశాను. ఆవిడ ఆ ఫోటో చాలాసేపు చూసింది. మనిషిని చూడకుండా ఎలా రాయనండీ అంది. కళ్ళు తడయ్యాయి గానీ రాయలేదు. ఆవిడ తప్పేముంది? రాసిచ్చినా ఎవరికి చూపించాలి? ఆ యజమాని లేడు. నేల మీద కూలబడి నవ్వినవాడూ పోయాడు. చూపించాల్సిన మనిషి వీళ్ళందరికంటే ముందే వెళ్ళిపోయాడు.

ఇప్పుడు యార్డులో కాయని చెవి దగ్గర పెట్టుకునేవాళ్ళు లేరు. చిన్న మీటరుంది, కాయల్లో గుచ్చితే తేమ ఎంతో అంకె చూపిస్తుంది, దానికి చెయ్యి వణకదు, దాన్ని ఎవరూ తాగుబోతనరు. తలకాయ లోపలికీ చూసే శబ్దం వచ్చింది. మా నాన్న కాలంలో మాకు చూసుకోవడానికి ఎదుటి మనిషి మొహం ఒక్కటే ఉండేది, రోజూ దాన్ని చూస్తూ కూడా నేను తప్పే చదివాను.

నిన్న పొద్దున మా ఆవిడ కారం కొట్టించడానికి డాబా మీద మిరపకాయలు ఆరబోసి, ఎండాయో లేదో చూడమంది. ఒక పిడికెడు తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. నేను ఊపకుండానే మోగాయి. ఎడంచేత్తో మణికట్టు గట్టిగా పట్టుకున్నాను, అయినా మోగుతూనే ఉన్నాయి. ఒక్కసారే ఊపాలిరా అన్న మాట అంత దగ్గరగా వినపడితే, ఇన్నేళ్ళకి ఆయన వేషం ఏ లోపమూ లేకుండా వేస్తున్నానని నవ్వొచ్చింది.

"ఏవండీ, నా మీదెందుకు అంత కోపం? ఎండకపోతే ఇంకో రోజు ఉంచుతాలెండి" అంది మా ఆవిడ, నా మొహం చూసి.

"కోపం కాదే" అన్నాను. "నవ్వుతున్నాను."