ఓటు వెయ్యని అవ్వ ఎత్తిన ఆరతి

నా చిన్నప్పుడు తిరుత్తణిలో మా ఇంట్లో ఓటు రహస్యమన్న మాటే లేదు. పోలింగు జరిగిన బడి మెట్లు దిగుతూనే మా అవ్వ తాను ఎవరికి వేసిందో అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ చెప్పేసేది. ఆ యేడు పార్లమెంటు ఎన్నికలో ఆమె వేసినాయన ఓడిపోయాడు. మా తాత వేసినాయన గెలిచాడు. అందుకని తాతకు కొన్నాళ్ళు చారు చల్లారిన తర్వాతే అందేది.

అవ్వకు అంతకంటే పెద్ద దిగులు ఇంకొకటుంది. మా బడిలో తెలుగు అయ్యవారు రిటైరై చాలా కాలమైనా ఆయన చోటికి ఎవరూ రాలేదు. తెలుగు పిల్లల్ని తమిళం క్లాసులో కలిపేస్తారని వీధిలో అనుకుంటున్నారు. చూచిరాత తప్పిందని నాకైతే పండగే. అవ్వకు మాత్రం ప్రాణం మీదికొచ్చింది. ఆమెకు చదువు రాదు. ఇంట్లో మిగతావాళ్ళకు మా అంగడి వదిలి వచ్చే తీరిక లేదు. వారపత్రికలో సీరియల్‌ను మధ్యాహ్నం పూట నేనే కూడబలుక్కుంటూ చదివి వినిపించాలి. నా చదువుకు కథానాయిక మేడమెట్లు ఎక్కడానికే ఒక పూట పట్టేది. అయినా అవ్వ ఓపిగ్గా కూర్చునేది. ఆ కాస్త తెలుగూ పోతే తన గతేమిటని ఆమె బాధ.

గెలిచిన మెంబరు జీపులో వీధివీధికీ వచ్చి దండం పెట్టి పోవడం మా వైపు ఆనవాయితీ. ఆడవాళ్ళు వాకిట్లో ఆరతి ఎత్తుతారు. తట్టలో పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళు, మధ్యలో తమలపాకు మీద వెలిగే కర్పూరం. ఆరతి తిప్పుతుండగా కదిలిపోవడం అశుభమని అందరికీ భయం, కొత్తగా గెలిచినవాళ్ళకు మరీను. ఆ రోజు అవ్వ కూడా, తెలుగు అయ్యవారి కోసం మెంబరునే అడుగుతానని తట్ట సిద్ధం చేసుకుంటుంటే, ఓటు వెయ్యకుండా ఏం మొహం పెట్టుకుని అడుగుతావని తాత ఎగతాళి చేశాడు.

"గెలిపిచ్చినోళ్ళకు వాళ్ళ పార్టీ ఉండాది. ఓడిపొయ్యినోళ్ళకు ఆయన తప్ప ఇంగెవురుండారు?" అంది అవ్వ.

జీపు మా వాకిట్లో ఆగింది. మెంబరు చెవులదాకా దండలే. అవ్వ తట్ట తిప్పుతూనే తెలుగు అయ్యవారి సంగతి ఎత్తుకుంది. ఆయన తల ఊపి, తట్టలో వెయ్యడానికి జేబులోంచి నోటు తీశాడు. నోటు పడితే ఆరతి ముగిసినట్టే. అవ్వ తట్టను చటుక్కున పక్కకు జరిపింది. కర్పూరం కొండెక్కబోతే ఇంకో బిళ్ళ వేసింది. మాది పూజసామాన్ల అంగడి, ఆమె కొంగులో పొట్లమంతా ఉంది. వెనక బస్సు హారను మోగిస్తోంది. తాత మెల్లగా అంగట్లో టెంకాయల కుప్ప వెనక్కి జరిగాడు. అయ్యవార్లను వేసేది ఢిల్లీ కాదు, మద్రాసు అని మెంబరు తమిళంలో మర్యాదగా చెప్పి చూశాడు.

"ఢిల్లీకి మద్రాసు మిందనే గదా పోతావు నాయనా. ఆడ దిగి ఒక మాట చెప్పిపో."

వీధంతా నవ్వింది. ఆయనకూ నవ్వు ఆగలేదు. చెబుతానని ఒప్పుకుని, ఇంతకీ నాకే ఓటు వేశావా అవ్వా అని వచ్చీరాని తెలుగులో అడిగాడు. తాత కళ్ళు మూసుకున్నాడు.

"లేదు నాయనా. అందుకే నిలబెట్టి అడగతా ఉండాను. ఏసుంటే నీ మింద నమ్మకంతో ఇంట్లోనే కూసోనుందును."

అప్పుడు బొట్టు పెట్టి జీపును వదిలింది.

పై యేడు బడి తెరిచేసరికి తెలుగు అయ్యవారు వచ్చాడు. మెంబరు చెప్పబట్టి వచ్చాడో, వరసలో వచ్చాడో ఎవరికీ తెలియదు. మొదటి రోజే చూచిరాత ఇచ్చాడు, నేను ఏడ్చాను. అవ్వ మాత్రం ఎన్నికలో తానే గెలిచినట్టు తిరిగింది. మళ్ళీ ఎన్నికలో కూడా ఆ మెంబరుకు ఓటు వెయ్యలేదు.

ఇప్పుడు నేను ఆమె వయసు దాటాను. నేను వేసినవాళ్ళు గెలిచింది తక్కువ. ఫలితాల రోజు ఇంట్లో పిల్లలు టీవీ కట్టేసి, ఇక మనకు ఎవరూ లేరని నీరసపడిపోతారు. నాకూ కాసేపు బాధగానే ఉంటుంది. ఆ తర్వాత, గెలిచినాయన ఆఫీసు ఎక్కడో, ఎప్పుడు తెరుస్తారో కనుక్కుంటాను. మా వీధికి నీళ్ళు రావడం లేదని ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఆయనకు ఓటు వెయ్యలేదు కాబట్టి ముందు వెళ్ళాల్సింది నేనే.