మైసయ్య గేముల షాపు

మైసయ్య నలభై ఐదేళ్ల బతుకులో ముప్పై ఏళ్లు బర్రెల వెనకే గడిచాయి. మా జహనుమా బస్తీలో అతని పాలు తాగని ఇల్లు తక్కువ. 2003లో ఉన్న నాలుగు బర్రెలనూ అమ్మేసి, కొట్టం కడిగి, సిమెంటు చేయించి, అదే రేకుల కింద నాలుగు కంప్యూటర్లతో గేముల షాపు తెరిచాడు. ఎందుకని అడిగితే, "బర్రెకు ఐతారం లేదు, పండుగ లేదు తమ్మీ. దీనికైతే స్విచ్ ఉన్నది" అనేవాడు. నేను అప్పటికి డిగ్రీ మధ్యలో వదిలేసి కంప్యూటర్లు బాగుచేస్తూ తిరుగుతున్నాను.

రెండేళ్లు బాగానే నడిచింది. తర్వాత మెయిన్ రోడ్డు మీద ఏసీ గేముల పార్లర్ పడింది. కొత్త గేములు అక్కడ నడుస్తాయి, ఇక్కడ నడవవు. కుర్రాళ్లు ఒక్కొక్కరే అటు జారారు. మైసయ్య ఇంట్లో మిగిలిన బంగారం తీసి నాలుగింటికీ కొత్త బోర్డులు, కొత్త గ్రాఫిక్స్ కార్డులు వేయించాడు. వేసింది నేనే. సీపీయూ డబ్బాలు మాత్రం పాతవే.

మే నెల. గేము పది నిమిషాలు బాగా నడిచేది. ఆ తర్వాత బొమ్మ ఆగి ఆగి కదిలేది.

"క్యా మైసన్నా, నా బందూక్ పేలేలోపు నన్ను సంపి, బొంద వెట్టి, దినాలు గూడ జేస్తున్నరు" అన్నాడు బబ్లూ. గల్లీ ఆటగాళ్లందరికీ అతనే పెద్ద. "ఐతారం మ్యాచ్ వెడుతున్నం. గప్పుడు గూడ గిట్లనే ఆగితే ఇగ ఏసీలనే కూసుంటం. బురా మత్ మాన్నా, ఏమనుకోకు."

మైసయ్య నావైపు చూశాడు. డ్రైవర్లు తీసి మళ్లీ వేశాను. విండోస్ మళ్లీ ఎక్కించాను. ఒకదాని కార్డు ఇంకోదాంట్లో పెట్టి చూశాను. ఏదీ పనిచేయలేదు. శనివారం సాయంత్రం డబ్బా విప్పి కార్డు మీద వేలు పెడితే చురుక్కుమంది. అప్పుడు తెలిసింది. వేడెక్కగానే కార్డు తనంతట తానే నెమ్మదిస్తోంది.

"వేడైతున్నది అన్నా. సల్లగ ఉంచు, నడుస్తది."

"గంతేనా? గిదానికా ఇన్ని దినాల లొల్లి?"

"గంతే. రేపు ఫ్యాన్లు తెస్తా."

వేరే పనుండి వెళ్లిపోయాను. గాలి అన్న మాట నా నోట రాలేదు.

ఆదివారం నేను ఫ్యాన్లు పట్టుకుని వచ్చేసరికి పదకొండు దాటింది. మ్యాచ్ పదింటికే మొదలైందట. కుర్రాళ్లంతా బయట నిలబడి ఉన్నారు. లోపల నాలుగు డబ్బాలకూ తడి గోనె సంచులు చుట్టి ఉన్నాయి. అంచులు ఎక్కడా జారకుండా మడిచి, పురికొసతో కట్టి ఉన్నాయి. పక్కన బకెట్టు, అందులో చెంబు. ముప్పై ఏళ్లు ఎండల్లో పాల క్యాన్లను అతను అలాగే కాపాడాడు. ఏ రోజూ పాలు విరగలేదు.

"సల్లగనే ఉన్నయి తమ్మీ, చెయ్యి వెట్టి సూడు. అయినా బందైనయి."

చెయ్యి పెట్టాను. గోనె నిజంగానే చల్లగా ఉంది. విప్పితే కాలిన వాసన. గాలి పోయే సందులన్నీ మూసుకుపోయాయి. పైమూత అతుకులోంచి నీళ్లు కారి బోర్డుల మీద పడ్డాయి. నాలుగూ పోయాయి.

"గాలాడలే అన్నా."

"గాలా?" అన్నాడు. "నువ్వు సల్లగ అంటివి గద."

తెచ్చిన ఫ్యాన్లను బకెట్టు పక్కన పెట్టాను.

బబ్లూ ఈసారి జోకు వేయలేదు. "చలో" అని మెల్లగా అని, అందరినీ తీసుకుని మెయిన్ రోడ్డు వైపు నడిచాడు.

ఇప్పుడు మైసయ్య జల్‌పల్లి నుంచి వేరేవాళ్ల బర్రెల పాలు లూనా బండి మీద తెచ్చి అమ్ముతున్నాడు. వాటికి ఆదివారం లేదు. ఆ నాలుగు డబ్బాలూ కొట్టంలో గోడవారనే ఉన్నాయి. అతని భార్య ఆండాలు కడిగిన క్యాన్లను వాటి మీదే బోర్లిస్తుంది.

నేను ఎదురుపడితే ఒక్కోసారి అడుగుతాడు, "బాగైతయా తమ్మీ?"

"సూద్దాం అన్నా" అంటాను. చూడ్డానికేమీ లేదని ఇద్దరికీ తెలుసు.