బోరింగుకు కట్టిన తీగ

వేటకెళ్ళే వాళ్ళింట పుట్టిన కామేశ్ సముద్రం జోలికి పోకుండా పలాసలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాడు. రెండువేల మూడులో ఆ సెంటర్ మూతపడింది. అందరూ కొత్త కంప్యూటర్ల మీద ఎగబడితే, ఈ మహానుభావుడు మూలనపడ్డ ఎనభైల నాటి పెట్టెను బస్సుమీద వేసుకుని ఉద్దానం తీరంలోని తన ఊరికి తెచ్చుకున్నాడు. పచ్చటి అక్షరాలు తప్ప బొమ్మలు రాని తెర, అట్టముక్కల్లాంటి ఫ్లాపీలు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. అతనికి మాత్రం దాన్ని బతికించాలని ఒకటే పట్టుదల.

భార్య మంగకు అదంటే హడలు. తుఫానుకు జంకని మనిషి, ఒకసారి దాన్ని తడిగుడ్డతో తుడవబోయి సుర్రుమంటే చెయ్యి లాక్కుంది. ఆ పెట్టె ఉంటే తాను పుట్టింటికి పోతానంది. లోపలి కరెంటు డబ్బా పాతబడి, బయటి రేకుకు కరెంటు పారుతోందని కామేశ్‌కు తెలుసు. పాడైన భాగం మార్చాలి. అది పలాసలో దొరకలేదు. ఇసక నేలలో ఎర్తు సరిగా నిలవదని ఆ వీధివాళ్ళంతా చేసే పనే తనూ చేశాడు. రేకులోని కరెంటు భూమిలోకి దిగిపోయేలా, పెట్టె ఎర్తు తీగను పెరట్లోని బోరింగు ఇనప గొట్టానికి చుట్టేశాడు.

"ఇంక కరవదే మంగా. ముట్టుకొని సూడు."

బెదురుతూనే వేలు పెట్టింది. కరవలేదు. ఆ మాట నమ్మి ఊరుకుంది.

ఉప్పుగాలికి పెట్టెలోని చిప్పుల కాళ్ళన్నీ తుప్పు పట్టాయి. ఒక్కొక్కటీ ఊడదీసి, రబ్బరుతో రుద్ది, మళ్ళీ గుచ్చుతూ ఎండాకాలమంతా గడిపాడు. ఆ ఉప్పు బోరింగునూ వదల్లేదు, నీళ్ళు ఎర్రగా రాసాగాయి. కామేశ్ టెక్కలి వెళ్ళిన రోజున మంగ తమ్ముడు కొండబాబు వచ్చి, ఇనప గొట్టం పీకి ప్లాస్టిక్ గొట్టం దింపాడు. బావ కట్టిన తీగను కూడా, పాపం, పైన మిగిలిన బోరింగు ఇనప తలకు ముందున్నట్టే గట్టిగా చుట్టిపోయాడు. తిరిగొచ్చిన కామేశ్ తేటనీళ్ళు తాగి మురిసిపోయాడు. అంత చదివినవాడికి తీగ సంగతి తట్టనే లేదు.

మర్నాడు పొద్దున స్విచ్ వేశాడు. తెరమీద పచ్చగా ఒక అక్షరం, తర్వాత వరసగా అక్షరాలు. ఆనందంతో కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మంగను కేకేశాడు. చేపలు తోముతున్న మంగ, చేతులు కడుక్కుని వస్తానంది. పెరట్లో బోరింగు కిర్రుమంది. మళ్ళీ కిర్రుమనలేదు.

అప్పుడు కిటికీలోంచి, గోడకు ఆనించిన తుప్పు గొట్టం కనబడింది. ఇనుము గోడ దగ్గరుంటే భూమిలో ఉన్నదేమిటి? కామేశ్ పైప్రాణాలు పైనే పోయాయి. పెట్టెలోంచి పారే కరెంటు భూమిలోకి దిగే దారి లేదు, బోరింగు పిడిలోనే ఉంది. ప్లగ్గు పీకి పరిగెత్తాడు.

మంగ బురదలో కూలబడి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని వణుకుతోంది. బతికే ఉంది. లేపబోతే వెనక్కి జరిగింది.

"కరవదని సెప్పినావు గదా మావా."

కొన్నేళ్ళకు కామేశ్ కొత్త కంప్యూటర్ కొన్నాడు. పాత పెట్టె చేసే పనులన్నీ చేసి చూపే ఎమ్యులేటర్ ప్రోగ్రాము అందులో వేసుకున్నాడు. అవే పచ్చటి అక్షరాలొస్తాయి. ప్లగ్గు కోసేసిన పాత పెట్టె అటకమీదుంది. అయినా తెరమీద అతని ధ్యాస నిలవదు. పెరట్లో కిర్రుమనడం ఆగిందంటే చాలు, లేచి బయటికొచ్చేస్తాడు.

బోరింగుకు తీగ ఏనాడో విప్పేశాడు. మంగ మాత్రం ఇప్పటికీ పిడి పట్టుకునే ముందు వేలికొనతో తాకి చూసుకుంటుంది. ఇంక కరవదని చెప్పడానికి కామేశ్‌కు నోరు రాదు.