మా వదిన వెతికిపెట్టిన గొంతు

మా వదిన పోయిన నెల చనిపోయింది. పొద్దున నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతుంటే అన్నయ్య ఫోన్ చేశాడు. "పాపా, మీ వదిన ఇంక లేదు" అన్నాడు. అప్పటికప్పుడు బస్సెక్కాను. వాళ్ళుండే కావలి చేరేలోపే చర్చి గ్రూపులో ఆమె ఫోటో వచ్చింది, 'ప్రభువునందు నిద్రించారు' అనే మాటతో. దాని కింద చాలామంది 'మా కంప్యూటర్ అక్క' అని రాశారు. ఊళ్ళో ఆమెకు అదే పేరు.

అన్నయ్య ఆర్టీసీలో కండక్టరు. వదిన పెళ్ళికి ముందు నుంచీ ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేది. అది మూతపడ్డాక ఇంటి ముందుగదికి షట్టర్ పెట్టించి రిపేర్లు మొదలుపెట్టింది. మా అమ్మకు మొదట్లో నచ్చలేదు. "ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకోని కూర్చుంటే ఎవురొస్తారమ్మా?" అనేది. జనం మాత్రం వచ్చారు. స్కూళ్ళవాళ్ళు, జిరాక్స్ షాపులవాళ్ళు, సముద్రం వైపు రొయ్యపిల్లల్ని పెంచే హేచరీలవాళ్ళు. హేచరీ కంప్యూటర్లు ఉప్పుగాలికి లోపల చిలుము పట్టి వచ్చేవి. వదిన ముందు ర్యామ్ ఊడదీసి, బడిపిల్లలు వాడే రబ్బరుతో దాని పిన్నులు మెల్లగా రుద్ది మళ్ళీ పెట్టేది. చాలాసార్లు రోగం అక్కడితోనే పోయేది. మా బడిలో పిల్లలు పారేసుకున్న రబ్బర్లన్నీ నేను ఆమె కోసం దాచేదాన్ని.

హార్డ్ డిస్క్ పాడైందని తెస్తే ముందు చెవి ఆనించి వినేది. టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంటే వెంటనే కరెంటు తీసేసేది. "ఇది దెబ్బ తగిలిన కాలు. దీంతో నడిపించకూడదు" అనేది. శబ్దం మామూలుగానే ఉంటే, విండోస్ మళ్ళీ వేస్తే చాలనుకుంటే, తెచ్చినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకునేది. "ఇందులో ఏముండాది? డెస్క్‌టాప్ మీద ఏమన్నా పెట్టుకున్నావా? ఫోన్‌లో ఫోటోలు దీంట్లోకి ఎక్కించినావా?" అని ఒక్కొక్కటే అడిగేది.

"ఏం లేదక్కా, కొట్టెయ్" అనేవాళ్ళు తొందరగా.

"ఏం లేదన్నోళ్ళ దాంట్లోనే అన్నీ ఉంటాయి" అని, వాళ్ళు వద్దన్నా మొత్తం ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసుకునేది. ఆ తర్వాతే ఫార్మాట్. "విండోస్ యాడన్నా దొరుకుతాది. నీ బిడ్డ మొదటి పుట్టినరోజు యాడ దొరుకుతాది?" అని ఒకాయనను అడగడం నేను విన్నాను. ఆయన పోలీసు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

ఆమె గురించి తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది ఒక ఎండాకాలం. బడికి సెలవులు కావడంతో నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. మా చర్చిలో పాటలు నేర్పే మాస్టారు స్కూటర్ వెనక సీటుకు కంప్యూటర్ కట్టుకుని వచ్చారు. ఎండ తగలకుండా దాన్ని దుప్పటిలో చుట్టారు. ఆయన హార్మోనియం వాయిస్తే, భార్య పాటల బృందాన్ని నడిపించేది. శనివారం సాయంత్రాలు వాళ్ళింట్లో ప్రాక్టీసు. అదంతా ఆ కంప్యూటర్‌లో రికార్డు చేసేవారు. ఆ ఏడాది మొదట్లో ఆమె గుండెపోటుతో చనిపోయింది. తర్వాత కంప్యూటర్ మొరాయిస్తే మాస్టారు బజార్లో ఒకతనికి ఇచ్చారు. అతను అడగలేదు, ఈయన చెప్పలేదు. డిస్క్ మొత్తం తుడిచి కొత్త విండోస్ వేసి ఇచ్చాడు.

"ఇంటికి తీసుకుపొయినాక ఆన్ చేసినారా మాస్టారు?" అని వదిన అడిగింది.

"చేసినానమ్మా. యాడన్నా ఉంటాయేమోనని రోజూ వెతుకుతుండా."

"కొత్తగా ఏమన్నా ఎక్కించినారా?"

"మనవడు గేములు ఎక్కించినాడు."

వదిన మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు. స్క్రూలు విప్పుతూ చెప్పింది: "తుడిచేసినంత మాత్రాన ఫైలు పోదు మాస్టారు. దాని మీద ఇంకోటి పడినప్పుడు పోతాది. కొంత పడే ఉంటాది. మిగిలింది చూస్తా. ఇది నా దగ్గరే ఉండనీండి."

"వస్తాయా?"

"వస్తాయని చెప్పను. రావని కూడా చెప్పను."

ఆ డిస్క్‌లో ఆమె నేరుగా ఏమీ వెతకలేదు. దానికి అచ్చంగా ఒక నకలు తీసి, ఆ నకలు మీదే వెతుకులాట మొదలుపెట్టింది. సాఫ్ట్‌వేర్ ఒక పగలంతా నడిచింది. చివరికి ఫైళ్ళు వచ్చాయిగానీ వాటికి పేర్లు లేవు, నంబర్లున్నాయి. ఏది పాటో, ఏది గేముల మోతో తెలియదు. వదిన నాకు హెడ్‌ఫోన్ ఇచ్చి, "నీకు ఆమె గొంతు తెలుసు గదా. విని వేరు చెయ్యి" అంది.

విన్నాను. కొన్నింట్లో గరగరలు తప్ప ఏమీ లేదు. కొన్ని పల్లవి దగ్గర మొదలై చరణానికి రాకముందే తెగిపోయాయి. నిండుగా వచ్చిన పాటలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఒకదాంట్లో పాటే లేదు. కుర్చీలు జరుపుతున్న చప్పుడు, మధ్యలో ఆమె గొంతు: "ఫ్యాన్ ఆపండమ్మా, గాలి కూడా రికార్డవతుండాది. ఏమయ్యో, టీ తాగింది చాల్లే. రా, వచ్చి హార్మోనియం పెట్టె ముందు కూర్చో." అంతే. హార్మోనియం ఒకసారి మోగి ఆగిపోయింది.

"ఇందులో పాట లేదు వదినా, తీసేద్దునా?" అన్నాను.

ఆమె హెడ్‌ఫోన్ తీసుకుని మొత్తం విన్నది. "దీన్ని అన్నిటికంటే ముందు పెట్టు" అంది. "పాట రేపు ఇంకెవురన్నా పాడతారు పాపా."

మాస్టారు వచ్చినప్పుడు వదిన ముందు పోయినవాటి సంగతే చెప్పింది. "చానా పోయినాయి మాస్టారు. ఇంకో చోటికి పంపినా అవి రావు. ఉన్నవి ఇవి." ఆయన తలూపారు. అప్పుడు ఆ ఫైలు పెట్టింది.

భార్య గొంతు గదిలో వినపడగానే మాస్టారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "ఏమయ్యో" అన్నచోట ఆయన పెదవులు కదిలాయి. "వస్తుండాలే" అన్నారు, పక్కనున్న మాకు మాత్రమే వినపడేటట్టు. అది అయిపోయాక, "ఇంకోసారి పెట్టమ్మా" అన్నారు. వదిన మళ్ళీ పెట్టేదెలాగో ఆయనకే చూపించి, నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

వంటింట్లో పాలు పొయ్యి మీద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. పోయినవాటి గురించి ముందెందుకు చెప్పావని అడిగాను.

"మంచి ముందు చెప్తే చెడ్డ వినరు. ఇంకా వస్తాయని కాచుకోని కూర్చుంటారు. అట్టా కూర్చోబెట్టడం పాపం" అంది.

తన విషయంలోనూ అంతే. కిడ్నీలు చెడిపోయాయని తెలిశాక నెల్లూరులో డయాలసిస్ మొదలైంది. ఒకసారి తోడుగా నేను వెళ్ళాను. డాక్టరు గారు ధైర్యం చెప్పబోతే, "నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి సార్. మా ఆయనకి మాత్రం కొంచెం మెల్లగా చెప్పండి" అంది. మంచం మీద ఉండి కూడా ఫోన్‌లో రిపేర్లు నడిపించింది. "ఎఫ్ టూ నొక్కినావా? ఏం కనపడతుండాది? నువ్వు అనుకునేది కాదు, అక్కడున్నది చదువు" అనేది. పక్క మంచాలవాళ్ళు మొదట వింతగా చూశారు. తర్వాత వాళ్ళ పిల్లల ల్యాప్‌టాప్‌ల గోడు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

ఆమె వల్ల నాకు ఒక అలవాటు పట్టుబడింది. ఎవరైనా ఏదైనా పాతది పారేస్తానంటే, అందులో ఏముందని అడుగుతాను. బడిలో పిల్లలు నవ్వుతారు. అడగడం మానలేదు.

వదిన జ్ఞాపకంగా ప్రార్థన చేసే ఆదరణ కూడిక అయిన మర్నాడు అన్నయ్య షట్టర్ ఎత్తాడు. రిపేరుకిచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమవి గుర్తుపట్టి తీసుకెళ్ళారు. చివరికి నర్సింగ్ చదివే ఒక అమ్మాయి వచ్చింది, ఆమె ల్యాప్‌టాప్ ఒక్కటే మిగిలింది. వదిన చివరిసారి ఆసుపత్రికి వెళ్ళేముందు దాంట్లో విండోస్ వేసింది. అన్నయ్య ఆన్ చేసి నన్ను కేకేశాడు. "పాపా, ఇదేందో అడుగుతుండాది."

వాడేవాళ్ళ పేరు అడుగుతోంది. ఆ అమ్మాయి పేరు కొట్టమని నేను చెప్పాను.

అన్నయ్య కళ్ళజోడు పెట్టుకుని వదిన స్టూలు మీద కూర్చున్నాడు. ఆ అమ్మాయి ఒక్కొక్క అక్షరం చెబుతుంటే చూపుడువేలితో వెతుక్కుంటూ కొట్టాడు. స్క్రీన్ నల్లబడి, మధ్యలో తెల్లటి చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. "అయిపోయిందా అంకుల్?" అని ఆ అమ్మాయి అడిగింది.

"ఉండమ్మా, చేస్తుండాది" అన్నాడు అన్నయ్య, చుక్కల మీది నుంచి చూపు తిప్పకుండా.