కప్పు అడుగున ఎర్ర గీత

మా బళ్లారి జిల్లాలో ఎర్ర మన్నుకు ధర పలికిన రోజుల్లో మనుషులంటేనే నాకు రోత పుట్టింది. నిన్నటిదాకా ఎడ్లు తోలినవాళ్లు టిప్పర్లకు నిమ్మకాయలు కట్టి, మెడలో లావుపాటి గొలుసులు వేసుకుని, నడక మరిచిపోయినట్టు కూర్చున్నచోటి నుంచే పనులు చెప్పేవారు. కూరెకుప్ప దగ్గర అమ్మ తరఫున మాకు వచ్చిన మెట్ట పొలాన్ని అన్న ఇనుప రాయి తవ్వకానికి ఇచ్చేశాడు. జొన్న పండిన చోట బావుల్లాంటి గుంతలు మిగిలాయి.

సిరుగుప్ప కాలువ కింద వరి పండించే నేను వీళ్లలాంటివాణ్ని కానని నా నమ్మకం. నిజానికి ఏడాది పాటు నేనూ అన్న వెంట పొలాలు తిరిగాను. రాయి ఏరి అరచేతిలో బరువు చూడడం, తెల్ల పెంకు మీద గీసి రంగు చూడడం, ఇనుము ఏపాటి ఉంటుందో చెప్పడం అన్న కంటే నాకే బాగా వచ్చు. ఆ రాబడితో లేచిన మేడ మీదే పడుకుని, మేడలు కట్టేవాళ్లను తిట్టుకునేవాణ్ని.

ఆ తిట్టుకోవడంలోంచే టాంజానియా ప్రయాణం పుట్టింది. విదేశాలకు స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లను పంపే ఒక సంస్థకు వరి తెలిసిన మనిషి కావలసి వచ్చాడు. కొండ కింద ఒక ఊరు, వాగు పక్క కొంత నేల. అక్కడ రెండేళ్లు ఉండి వరుసల్లో నాటు వేయడం చూపించాలి. తిండీ గదీ ఇస్తారు, జీతం లేదు. అయితే ఊరి పెద్దలు నన్ను చూసి సరే అంటేనే నేల ఇస్తారు, కాదంటే అక్కడ నాకు పని లేదు. కాదంటారన్న ఊహే నాకు రాలేదు. ఉచితంగా మంచి చేస్తానంటే ఎవరు వద్దంటారు?

సిరుగుప్ప బస్టాండులో బళ్లారి బస్సు కోసం నిలబడి ఉంటే, మా వీధిలో టిప్పర్లు తిప్పే ఒకాయన హోటల్లోంచి కేకేశాడు.

“ఏమప్పా, పెట్టె పట్టుకోని యాడికి పోతాండావు?”

“ఆఫ్రికాకు మామా. వరి నాటేది నేర్పేదానికి.”

“ఎంతిస్తారంట?”

“ఏమీ ఇయ్యరు.”

ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టి పక్కవాళ్ల వైపు తిరిగాడు. “ఇనండప్పా. ఈడ నాటేదానికి కూలోళ్లు దొరకక మనం సస్తాంటే, ఈయప్ప సుమ్నే, పైసా లేకుండా పోయి ఆడ నాటిస్తాడంట. మీ అన్నకు తెలుసునా?”

“తెలుసు.”

“ఏమన్యాడు?”

“పిచ్చి పట్టిందన్యాడు.”

“మీ అన్న అబద్ధాలు సెప్పే మనిషి కాదులేప్పా.”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. బస్సు తెక్కలకోట దాటేదాకా వాళ్లకు చెప్పవలసిన జవాబులు మనసులో కూర్చుకుంటూనే ఉన్నాను. విమానంలో పక్క సీటు వ్యాపారి చెప్పులు విప్పి కాళ్లు మడుచుకుని కూర్చుంటే అతన్నీ చీదరించుకున్నాను. అతను లాభానికి పోతున్నాడు, నేను సేవకు పోతున్నాను. దారి పొడవునా నాకు ఇదే ఆలోచన.

సంస్థ తరఫున అక్కడ పనులు చూసే నడివయసు ఆవిడ నన్ను జీపులో ఆ ఊరికి తీసుకువెళ్లింది. ఆమెకు ఇంగ్లీషు వచ్చు, నా మాటలు వాళ్లకూ వాళ్లవి నాకూ ఆమే చెప్పాలి. రేకుల పంచలో పెద్దలు కూర్చుని ఉన్నారు. తెల్ల పింగాణీ కప్పులో టీ ఇచ్చారు. తాగుతూనే నేల చూద్దామని లేచాం. ఊరి పెద్ద ముందు నడిచాడు.

వాగు ఒడ్డున నల్లటి నేల, నీరు నిలిచే నేల. వంగి ఆ మట్టి చేతిలోకి తీసుకోవాలి. అంత దూరం వచ్చింది అందుకే. కానీ కొండ మీద నుంచి దొర్లివచ్చిన ముదురెర్ర రాయి ఒకటి కాలి దగ్గర కనిపించింది. నా చేయి దాని మీదికే పోయింది. ఎగరేసి బరువు చూశాను. చేతిలోనే ఉన్న ఖాళీ కప్పును బోర్లించి, అడుగున గరుకుగా ఉన్న అంచు మీద గీశాను. చిక్కటి ఎర్ర గీత పడింది. మంచి సరుకు.

“ఆ కొండ ఎవరిది?” అని ఆవిడను అడిగాను.

ఊరి పెద్ద కప్పు వైపు చూసి ఏదో అన్నాడు.

“ఏమంటున్నారు?”

“నువ్వు ఏ పని మీద వచ్చావని.”

“వరి కోసమని చెప్పండి.”

“పొద్దున్నే చెప్పాను. మళ్లీ అడుగుతున్నాడు.”

“ఇది ఊరికే అలవాటు,” అన్నాను.

“ఏ పని చేసేవాళ్లకు ఉంటుంది ఈ అలవాటు?” ఇది ఆయన ప్రశ్న కాదు, ఆవిడదే.

“మా అన్నది ఆ వ్యాపారం. నాకేం సంబంధం లేదు.”

అబద్ధం అంత సులువుగా వచ్చింది. ఆవిడ దాన్ని ఆయనకు చెప్పింది. ఆయన నవ్వి చిన్నగా జవాబిచ్చాడు.

“ఈ రాయి సంగతి మీ అన్నకు చెప్పకుండా ఉంటావా అని అడుగుతున్నాడు.”

ఉంటానని వెంటనే అనలేకపోయాను. ఆయన నా చేతిలోంచి కప్పు తీసుకుని వాగులోకి దిగాడు. ఇసుకతో దాని అడుగు తోమి, గీత పోయిందో లేదో వెలుతురులో చూసి, మళ్లీ తోమాడు. తిరిగి వచ్చాక ఆవిడతోనే మాట్లాడాడు, నా వైపు చూడలేదు. పక్క లోయ ఊరికీ మొదట ఒక్క మనిషే వచ్చాడట. మర్యాదగా టీ తాగి, కొండ ఎవరిదని అడిగాడట. ఇప్పుడక్కడ కొండ సగం తవ్వేశారట. వరి నేర్పడానికి ఇంకెవరినైనా పంపితే నేల ఇస్తామన్నాడు.

ఆవిడ నన్ను జీపులో వెనక్కి పట్నానికి తీసుకువచ్చింది. ఆ రెండేళ్లూ నన్ను పట్నంలో ఒక బడిలో లెక్కలు చెప్పడానికి పెట్టారు. అక్కడ అందరూ నన్ను మంచివాడన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా, ఒక్క చూపుతో నన్ను సరిగ్గా పోల్చుకున్నది ఆ వాగు ఒడ్డున నిలబడ్డవాళ్లేనని అనిపించేది.

ఆ నేలలో నారు పోసింది నా తరువాత వచ్చిన మనిషి. సెలవుల్లో పట్నం వచ్చినప్పుడు అతను నా గదిలోనే దిగేవాడు. పైరు ఎలా ఉందని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.